అచియా షెడ్డుకొచ్చిన స్కానర్ మాస్టర్

కుమాసీ నగరంలో, సువామె అనే పేటలోని మెకానిక్ షెడ్ల వరుసలో అచియాది చివరి షెడ్డు. మేనమామ దగ్గర తొమ్మిదేళ్లు గ్రీజులో మునిగి పని నేర్చుకుంది. ఆడదాని చేతిలో స్పానరేమిటని అప్పట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు మొండికేసిన బళ్లను ఆమె దగ్గరికి తోలుకొస్తారు. ఆ నవ్వులు ఆమె మరిచిపోలేదు. లోకంలో చాలామంది ఆమెకు చులకనే. అందరికన్నా చులకన బోవాదు.

బోవాదూ మెకానికే. వాడి మెడలో బండి లోపాలు చూపే స్కానర్ పతకంలా వేలాడుతుంటుంది. తెర మీద ఏ భాగం పేరు కనబడితే దాన్ని పీకి కొత్తది బిగిస్తాడు. జనం వాణ్ణి మాస్టర్ అంటారు.

"జ్వరం కొలిచే గొట్టం మెడలో వేసుకుంటే డాక్టరైపోతాడా?" అంటుంది అచియా. స్కానర్ ఆమెకూ ఉంది. పాతగుడ్డ ముక్కలో చుట్టి పెట్టుకుంటుంది.

ఒక ఉదయం టాక్సీ డ్రైవరు జాసీ వచ్చాడు. బోవాదు చేత, పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ రెండుసార్లు మార్పించుకున్నా, డాష్‌బోర్డులో ఇంజను లోపం చెప్పే పసుపు లైటు మళ్లీ వెలిగింది. మాట పోతుందని బోవాదూ వెంటే వచ్చాడు.

అచియా బండిని ఆరుబయట నిలిపించి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగింది. స్టీరింగు కింద స్కానర్ తగిలించి, కనబడిన లోపం కోడ్ కాగితం మీద రాసుకుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం.

"ఆ కోడ్ చెరిపెయ్ మేడమ్, లైటు ఆరిపోద్ది," అన్నాడు బోవాదు.

"దెబ్బకి గుడ్డ కప్పితే మానిపోద్దా? నోర్మూసుకుని చూడు."

ఇంజను స్టార్టు చేయించింది. నిలకడగా తిరుగుతున్నప్పుడు అది అదనంగా పెట్రోలు తాగుతోందని తెర మీది అంకె చెప్పింది. వేగం పెంచగానే ఆ అంకె తగ్గింది. ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోందన్నమాట. ఇంజను ఆపించి, చల్లారాక గాలిగొట్టం వెంట వేళ్లు పోనిచ్చింది. అడుగున రబ్బరు చీలి ఉంది.

"సెన్సర్ నిజమే చెప్పిందయ్యా. నిజం చెప్పినదాన్నే రెండుసార్లు పీకి పారేశావు. సిగ్గులేదూ?"

జాసీ పకపకా నవ్వాడు. బోవాదు చెవులు కందిపోయాయి.

కొత్త గొట్టం బిగించి, రాళ్లు తీశాక, రోడ్డు మీద ఒకసారి చూడాలంది అచియా. "జాసీ, నువ్వు నడుపు. పక్కన కూచుని నేను తెర చూస్తా."

ఆ మాట ముగియకముందే బోవాదు స్టీరింగు ముందుకు దూరాడు. "నాకు రెండూ వచ్చు!" అంటూ స్కానర్ ఒళ్లో పెట్టుకుని బయల్దేరాడు. అంకెలు చూస్తూ చూస్తూ మలుపు మరిచాడు. ముందు చక్రం మురుగుకాలవలో దిగబడింది. కాలవ పక్కన వాక్యె అనే అలసంద అన్నం అమ్ముకునే ఆవిడ గరిటె పట్టుకుని తిట్లు లంకించుకుంది.

జాసీ పరిగెత్తుకెళ్లి వాడి కాలరు పట్టుకున్నాడు. "దిగరా మాస్టరూ! నువ్వే ఎత్తాలి!"

మోకాలిలోతు మురుగులో నిలబడి బోవాదు బండినెత్తుతుంటే, అచియా వెళ్లి చక్రం, బ్రేకు గొట్టం వంగలేదని చూసుకుంది. వాడి మొహంకేసి చూడనైనా లేదు.

జాసీ టాక్సీలో ఆ లైటు మళ్లీ వెలగలేదు. వారం తిరక్కుండానే బోవాదు చుట్టూ ఎప్పటిలాగే జనం మూగారు. ఆ గుంపు పక్కనుంచి పోతూ అచియా ఒకసారి తిరిగి చూసింది.

"వీళ్లకి వాడే తగినవాడు," అనుకుని, ఉమ్మేసి నడిచిపోయింది.