పిడి మీద చెయ్యి

మా ఆయనకు ఇంజిన్లు వచ్చు, ఇంగ్లీషు రాదు. నాకు ఇంగ్లీషు వచ్చు, ఇంజిన్లు రావు. అందుకే రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా కొట్లోకి కంప్యూటర్ వచ్చినప్పుడు దాని ముందున్న కుర్చీ నాదైపోయింది.

విజయవాడ వన్‌టౌన్‌లో మాది పాత బోటు ఇంజిన్ల కొట్టు. మా మామగారు పెట్టింది. పడవ వెనక తగిలించుకునే ఇంజిన్లు తెచ్చి, విప్పి, బాగుచేసి అమ్ముతాం. బందరు వైపు నుంచి, నాగాయలంక నుంచి సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు వచ్చి కొనుక్కుపోతారు. తొంభైల్లో అయితే మా ఆయన స్వయంగా కాకినాడకో మద్రాసుకో వెళ్లి, ఇంజిన్ మీద చెయ్యేసి, వాసన చూసి, తాడు లాగి చప్పుడు విని మరీ తెచ్చేవారు. నెట్‌లో వేలంపాటలు మొదలయ్యాక ఫొటో చూసి కొనడం అలవాటైంది.

"పిల్లను చూడకుండా ఫొటో చూసి నిఖా చేసుకున్నట్టుంది" అని గొణిగేవారు.

"మనది అలా జరిగిందేగా? ఏం నష్టపోయారు?" అనేదాన్ని నేను.

మధ్యాహ్నం నమాజుకు ఆయన మసీదుకు వెళ్తే కొట్లో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. వేలం సైట్ తెరుచుకుని కూర్చోవడానికి అదే అనువైన వేళ. బయట ఎండ మండిపోతుండేది. లోపల చీకటిగా, చల్లగా, గ్రీజు వాసనతో ఉండేది. గోడవారన చెక్క స్టాండ్లకు వేలాడే ఇంజిన్లు తలలు వంచుకుని నిలబడ్డ మనుషుల్లా కనిపించేవి. కాపురానికి వచ్చిన కొత్తలో భయపడేదాన్ని. తర్వాత వాటి మధ్యే అన్నం తినేదాన్ని.

ఆ ఇంజిన్ ఫొటో అలాంటి మధ్యాహ్నమే చూశాను. పడమటి తీరంలో ఏదో రేవు నుంచి అమ్మకానికి పెట్టారు. మిగతావాళ్లందరూ ఇంజిన్‌ను షెడ్డులోనో సిమెంటు గచ్చు మీదో పెట్టి ఫొటో తీస్తారు. ఇది మాత్రం ఇసుకలో నిలబెట్టి ఉంది. వెనక సముద్రం అల లేకుండా పళ్లెంలా ఉంది. ఫొటో తీసినవాడి నీడ ముందుకు పడి, సరిగ్గా హ్యాండిల్ దగ్గర ఆగింది. ఇంజిన్ మటుకు శుభ్రంగా, ఎవరో ప్రేమగా తుడిచినట్టు మెరుస్తోంది. పాటలో నాతో పోటీకి ఒక్కరూ రాలేదు. అంత మంచి సరుకు అంత తేలిగ్గా దొరకడం అదే మొదలు.

లారీ పార్సిల్‌లో వచ్చాక మా ఆయన పెట్టె విప్పి, నీళ్ల డ్రమ్ములో దించి తాడు లాగారు. ఒక్క లాగుకే చప్పుడు అందుకుంది. ఎన్నాళ్లో ఊరికే పడున్న ఇంజిన్ అలా అందుకోదు. ఆయన సంతోషించాల్సింది పోయి, వెంటనే ఆపేసి చెయ్యి దులుపుకున్నారు.

"ఏమైంది?"

"ఏం లేదు. పిడి పట్టుకుని చూడు."

ఇంజిన్‌ను తిప్పే హ్యాండిల్ చివర రబ్బరు పిడి ఉంటుంది. జారకుండా దాని చుట్టూ గాళ్లుంటాయి. ఏళ్ల తరబడి ఒకే మనిషి పట్టుకుంటే వేళ్లు ఆనిన చోట గాళ్లు అరిగి నున్నగా అవుతాయి. అందులో వింతేం లేదు. ఈ పిడి మీద మాత్రం మూడు వేళ్ల చోట్లే నున్నగా ఉన్నాయి. చూపుడు వేలు ఉండాల్సిన చోట రబ్బరు కొత్తదానిలా గరుకుగా ఉంది. బొటనవేలి దగ్గర చిన్న చిన్న నెలవంకల్లా గోటితో నొక్కిన గుంటలు, ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని. నేను ఎడమ చెయ్యి వేశాను. నా మూడు వేళ్లూ ఆ నున్నటి పల్లాల్లోకి వాటంతటవే జారాయి. పిడి పట్టుకున్నట్టు లేదు. ఎవరో చెయ్యి అందించినట్టుంది. నేనూ చెయ్యి తీసేశాను.

ఆ ఇంజిన్ ఎవరికీ నచ్చలేదు. వచ్చినవాళ్లు చూసేవారు, బాగుందనేవారు, పిడి పట్టుకునేవారు. అంతే, పక్క ఇంజిన్ దగ్గరికి వెళ్లిపోయేవారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. ఒక పెద్దాయన మాత్రం, "దీనికి మనిషున్నాడమ్మా" అని చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

వర్షాలు తగ్గాక ఒక రోజు బందరు పక్క సముద్రపు పల్లె నుంచి అక్కాతమ్ముళ్లు వచ్చారు. ఆమెకు నలభై దాటుంటాయి. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. తమ్ముడు మా ఆయనకు పాత ఖాతాదారు. కొడుకులు వేటకు ఎదిగొచ్చారనీ, అక్క ఇంటికి సొంత ఇంజిన్ కావాలనీ చెప్పాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే ఆమె గోడవారన నడుస్తూ ఒక్కో ఇంజిన్‌నూ చూస్తోంది. ఉన్నట్టుండి ఆమె అడుగుల చప్పుడు ఆగిపోయింది.

తలెత్తి చూస్తే, ఆమె ఆ పిడి మీదికి వంగి ఉంది. పట్టుకోలేదు. బొటనవేలితో ఆ గోటి గుంటల్ని ఒక్కొక్కటే తడుముతోంది.

"తమ్ముడూ," అంది మెల్లగా, "మీ బావ."

అతను దగ్గరికి వెళ్లి చూశాడు. 

ఆమె మావైపు తిరిగి చెప్పింది. వాళ్లాయన తొంభైల్లో వచ్చిన ఒక తుఫానులో వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ రాలేదు, ఇంజిన్ రాలేదు, మనిషి రాలేదు. ఎడమ చేతి చూపుడు వేలు అంతకు ముందే వల తాడులో పడి తెగిపోయింది. ఏదన్నా ఆలోచిస్తుంటే బొటనవేలి గోటితో పట్టుకున్నదాన్ని నొక్కుతూ ఉండేవాడట.

"మా ఇంట్లో ఆయన తెడ్డుందమ్మా. దాని మీదా ఇంతే. గుమ్మం మీదా ఇంతే. నా చేతి మీద కూడా ఉండేవి."

"అయితే ఇది బావ ఇంజినే సాయిబుగారూ," అన్నాడు తమ్ముడు. "కొట్టుకుపోయింది ఎవరికో దొరికుంటది."

మా ఆయన ఇంజిన్‌కు బిగించి ఉన్న నంబరు రేకు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నన్ను వెనక గదిలోకి పిలిచారు.

"ఆ తుఫాను నాకు తెలుసు. ఈ మోడల్ అప్పటికి పుట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత వచ్చింది."

"పాత ఇంజిన్ పిడి తీసి దీనికి వేశారేమో?"

"దాని కొలత వేరు, దీని కొలత వేరు. ఎక్కదు. ఈ రబ్బరు ఈ ఇంజిన్‌తోనే పుట్టింది, దీని మీదే అరిగింది."

బయట రోడ్డు మీద ఏదో బండి హారన్ కొడుతోంది. తుఫానులో పోయిన మనిషి చెయ్యి, తను పోయాక తయారైన రబ్బరును ఏళ్ల తరబడి అరగదీసింది. లేదంటే అదే వేలు లేని, అదే గోటి అలవాటున్న మనిషి ఇంకొకడు ఈ భూమ్మీద ఉన్నాడు. రెండూ నమ్మబుద్ధి కాలేదు.

"చెబుదామా?" అన్నాను.

"దాచడానికి ఇది మన సంగతి కాదు," అన్నారాయన.

ఆయనే చెప్పారు, ఉన్నదున్నట్టు. ఆమె విన్నది. తమ్ముడు మాత్రం పట్టుబట్టాడు. "అమ్మినోడికి ఫోన్ చెయ్యండమ్మా. ఎక్కడిదో అడగండి. నేను ఈ రాత్రి బండికే బయల్దేరతాను."

అమ్మినవాడి నంబరు మెయిల్‌లో ఉంది. వాడికి హిందీ వచ్చు, నాకు ఉర్దూ వచ్చు. ముగ్గురూ నిలబడి చూస్తుండగా ఫోన్ చేశాను.

అతను మర్యాదగానే మాట్లాడాడు. ఆ ఇంజిన్ తన పడవదేనట. నడిపినవాడు చాలా ఏళ్లు తన దగ్గర పనిచేశాడట. ఎక్కణ్నుంచి వచ్చాడో తెలియదు.

"మాట్లాడేవాడు కాదు బెహెన్‌జీ. మూగవాడేమో అనుకునేవాళ్లం. పడవలో నీళ్లు తోడేటప్పుడు మాత్రం లెక్క పెట్టుకునేవాడు. మాకు రాని భాష."

"చూడ్డానికి ఎలా ఉంటాడు?"

"ఎలా అంటే... అదే చెప్పలేకపోతున్నాను. రోజూ చూసిన మనిషే. మొహం గుర్తు రావడం లేదు."

"ఎడమ చెయ్యి?"

"దానికెప్పుడూ గుడ్డ చుట్టుకుని ఉండేవాడు. ఒక రోజు పొద్దున వెళ్తే పడవ లంగరేసి ఉంది. ఇంజిన్ తుడిచిపెట్టి ఉంది. మనిషి లేడు. బట్టలు, చాప, అన్నీ ఉన్నాయి. మా వాళ్లెవరూ మళ్లీ దాన్ని నడపనన్నారు. అందుకే అమ్మాను."

ఫోన్ పెట్టేశాను. ఆమె వైపు తిరిగి నోరు తెరవబోయాను. ఆమె అరచెయ్యి ఎత్తి ఆపింది.

"చెప్పకండమ్మా."

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఊరుకో. బతికుంటే ఇన్నేళ్లూ రావాలనుకోలేదన్నమాట. పోయుంటే ఎలాగూ రాలేడు. ఈ రెండిట్లో ఏది తెలుసుకోమంటావురా నన్ను?"

ఆమె వెళ్లి కూజాలో నీళ్లు వంచుకుని తాగింది. తాగి, చీర చెంగుతో మూతి తుడుచుకుని, ఆ ఇంజినే కావాలంది. మేము ముగ్గురం వద్దన్నాం. మా ఆయన ఇంకోటి ఇస్తానన్నారు. ఆమె వినలేదు. కనీసం కొత్త పిడి వేస్తానని ఆయన పానా తీయబోతే, ఆమె హ్యాండిల్‌కి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఉంచండి. పిల్లలు ఆయన చెయ్యి పట్టుకునే వయసులో ఆయన లేడు. ఇప్పుడన్నా పట్టుకుంటారు."

ఫోన్లో విన్నదంతా నేను మా ఆయన చెవిన వేశాను, ఆయన టెంపోలోకి ఇంజిన్ ఎక్కిస్తూ తమ్ముడికి చెప్పారు. అతను బయల్దేరతాననలేదు. బండి మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి ఆ ఇంజిన్‌నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ మరుసటి ఏడాది బందరులో మా చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, దగ్గరేగదా అని ఆ పల్లెకు వెళ్లాం. ఇంజిన్ ఎలా ఉందో చూడాలని ఆయనకు, ఆమె ఎలా ఉందో చూడాలని నాకు. బాగానే ఉంది. ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. గుమ్మం మీద గోటి గుర్తులు నేను వెతక్కుండానే కనిపించాయి. వేట బాగా పడుతోందనీ, ఇంజిన్ ఒక్కసారి కూడా మొరాయించలేదనీ చెప్పి, చేపల పులుసుతో అన్నం పెట్టింది.

తిన్నాక రేవుకు వెళ్లాం. పడవలు వేట నుంచి వస్తున్నాయి. ఆమె పెద్దకొడుకు ఇంజిన్ దగ్గర కూర్చుని ఎండలో కళ్లు చికిలించుకుని ఒడ్డుకేసి వస్తున్నాడు. ఎడమ చెయ్యి పిడి మీదుంది. మూడు వేళ్లు గట్టిగా పట్టుకున్నాయి. చూపుడు వేలు మాత్రం పిడికి తగలకుండా గాల్లోకి నిలబడి ఉంది.

"వాడి వేలికేమైంది?" అన్నాను.

"ఏం కాలేదు," అంది ఆమె. "అక్కడ రబ్బరు గరుగ్గా ఉంటదంట. ఆనించబుద్ధి కాదంటాడు. ఇప్పుడు అన్నం తినేటప్పుడు ఆ చేత్తో గ్లాసు పట్టుకున్నా అంతే."

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. తిరిగి వస్తూ పామర్రు దాటాక మా ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "పిడి మార్చి ఇచ్చుండాల్సింది" అని అప్పుడన్నారు.

తర్వాత కూడా నేను వేలాలు పాడుతూనే ఉన్నాను. అది మా బతుకుతెరువు. కానీ ఫొటో తెరవగానే ముందు పిడి చూడటం అలవాటైంది. చాలా రోజులు ఏమీ కనబడలేదు. అన్నీ మామూలు పిడులే, మామూలు మనుషుల చేతులే.

ఒక శుక్రవారం ఆయన జుమ్మాకు వెళ్లిన వేళ, ఇంకో రేవు నుంచి, ఇంకో మనిషి పెట్టిన ఇంజిన్ ఒకటి కనిపించింది. కొత్త మోడల్, ఎక్కువ వాడింది కాదు. శుభ్రంగా తుడిచి ఉంది. ఫొటోను పెద్దది చేశాను. నెట్ నెమ్మదిగా ఉండి, పైనుంచి కిందికి ఒక్కో గీతా వస్తోంది. ఇప్పుడిప్పుడే నున్నబడుతున్న పల్లాలు మూడు. వాటి పైన గరుకు రబ్బరు. ఇంకా కొన్నే, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని నెలవంకలు.

నేను పాట పాడలేదు. ఎవరు పాడారో చూడనూ లేదు.

మా ఆయన వచ్చాక చెప్పాను. ఆయన స్క్రీన్ దగ్గరికి రాలేదు. టోపీ తీసి మేకుకు తగిలించి, "ఆమెకు ఫోన్ చేస్తావా?" అని అడిగారు.

చేశాను. ఆమే ఎత్తింది. వెనక నుంచి గాలి హోరు వినిపిస్తోంది. చిన్నకొడుక్కి సంబంధం కుదిరిందనీ, పిల్ల నిజాంపట్నం వైపుదనీ, మేమిద్దరం తప్పకుండా రావాలనీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. అంతా చెప్పి ఆగింది.

"ఏంటమ్మా, ఊరికే చేశారా?"

ఆ రోజు కొట్లో అరచెయ్యి ఎత్తి ఆమె నన్ను ఆపడం కళ్ల ముందు మెదిలింది. "ఊరికే," అన్నాను. "మీరెలా ఉన్నారో కనుక్కుందామని."



"బాగున్నానమ్మా," అంది. "పెళ్లికి రండి."