వాగు దగ్గర బీడీ

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలో, వాగు దగ్గర ఒక దయ్యం ఉందనీ, దానికి బీడీ పెట్టకపోతే బస్సు కదలదనీ ఇప్పటికీ చెబుతారు. శుద్ధ అబద్ధం. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆ బస్సులో నేనున్నాను.

వాగు రాగానే డ్రైవరు బస్సాపి, బీడీ వెలిగించి ఒక రాతిమీద పెట్టాడు. నా పక్కన కూర్చున్నావిడ దిగ్గున లేచింది.

"ఎవరికిరా అది?"

"బావకే అక్కా. బీడీలంటే పానం గద ఆయనకు."

"దయ్యమైండంటే సచ్చినట్టే గద! మీ బావ సచ్చిండని నీకెవరు జెప్పిండ్రు? తుపాకులతోని పట్కపోయినోళ్లు జెప్పిండ్రా? ఊరంతా నన్ను బొట్టు తీయమనుడే. పీనుగను సూపియ్యుండ్రి, తీస్త."

ఆవిడ దిగి, బీడీ ఆర్పి, కొంగున ముడేసుకుంది.

"వచ్చినంక తాగుతడు" అంటూ మళ్లీ ఎక్కింది. బస్సు మామూలుగానే కదిలింది.

దయ్యాలు లేవని కనిపించినవాళ్లందరితో వాదించే నేను, ఆ రోజు నోరు మెదపలేదు. ఆయన దయ్యం ఎప్పుడు, ఎలా కనిపించిందో ఆ బస్సులో ప్రతివాళ్లూ చెప్పగలరు. మరి బతికున్న మనిషిని ఎటు తీసుకుపోయారని, తీసుకుపోయినవాళ్లను వీళ్లలో ఒక్కరైనా అడిగారా?