రెండో పొట్లం

సేలంలో నర్సింగు చదువు ముగించి, తుంబలహళ్లి పక్కనున్న మా ఊరికి వచ్చిన కొన్నాళ్లకే మిలిటరీ నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఢిల్లీ పోవాలి. నాయన అవుననలేదు, కాదనలేదు. ఎనుములకు కుడితి పెడుతూ, "అమ్మవారిని పూవడుగుదాం" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పూవడగడమంటే ఒక ఎర్ర పువ్వు, ఒక తెల్ల పువ్వు విడివిడిగా అరటాకులో చుట్టి అమ్మవారి ముందు పెట్టడం. కళ్లు మూసుకుని ఒక పొట్లం తీయాలి. తెల్లదైతే సరే, ఎర్రదైతే వద్దు. మా ఇంట్లో పెద్దలకు ఇష్టంలేని పనికి ప్రతిసారీ ఎర్రదే వచ్చేది. అక్క కాలేజీ చదువు అట్లాగే ఆగిపోయింది. కాదన్న పాపం అమ్మవారిది, మంచితనం వీళ్లది.

నాయన వాళ్లన్న, మా పెదనాయన, ముందే తేల్చేశాడు. కొత్తగా కొన్న సెల్‌ఫోను ఆడిస్తూ, "ఆడబిడ్డకి పట్టాళం ఏమిటికి? రేపు దీన్ని ఎవడు చేసుకుంటాడు?" అన్నాడు. ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు.

శుక్రవారం పెదనాయనతో కలిసి అందరం గుడికి పోతుంటే నా కన్నంతా నాయన చేతిసంచి మీదే. పొట్లాలు ఇంట్లోనే కట్టి తెచ్చాడు. ఎప్పుడూ పూజారి కదా కట్టేది? అడిగితే, "ఆయనకి కన్ను సరిగా కనపడలే" అన్నాడు. నిన్నటిదాకా కనపడిన కన్నే! అమ్మ నా ముఖం చూడకుండా కర్పూరం వెతుకుతోంది. ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను. రెండిట్లోనూ ఎర్రవే పెట్టి ఉంటారు.

ఒకటి తీశాను. పూజారి విప్పాడు. తెల్ల పువ్వు.

పెదనాయన నోరు మూతపడింది. నేను ఎగిరి గంతేయాలి. కానీ అనుమానం పెనుభూతం కదా, రెండో పొట్లం మీదికి చెయ్యి చాపాను.

"దాన్ని విప్పగూడదు!" అన్నాడు నాయన, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఇంక నేనాగుతానా? పొట్లాన్ని గుప్పిట్లో దాచుకుని ఇంటికొచ్చి కొట్టం వెనక విప్పాను.

అదీ తెల్లదే. నన్ను వదిలించుకోవాలనుకున్నారా అని గుండె చివుక్కుమంది.

వెనకే నాయన వచ్చి నిలబడ్డాడు. "మీ పెదనాయన చూసేలోగా ఎనుముకి వెయ్యిమ్మే. నా మాట ఆయప్ప యినడు. అమ్మవారి మాటయితే యింటాడు."

ఎనుము ఆకుతో సహా నమిలేసింది. నాకు సిగ్గు, సంతోషం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆ తర్వాత భయం వేసింది. వీళ్లెట్లాగూ పోనివ్వరన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ పోతానని ఎగిరాను. ఇప్పుడు అడ్డం పెట్టుకోవడానికి ఎవరూ లేరు.

"నిజంగా పోవాలని ఉందా నీకు?" అని అడిగాడు నాయన.



"పోతాను" అన్నాను, సేలం దాటి ఎరగని ఆ మనిషి చెయ్యి పట్టుకుని. "ఢిల్లీ దాకా నువ్వూ రా నాయనా."