వేప దుంగతో రెడ్డిగూడెం కోత మిల్లుకి

మా చెల్లెలు శేషు నూజివీడులో ఇల్లు కట్టుకుంటోంది. ద్వారబంధం నిలబెట్టడానికి గురువారం ఉదయం ముహూర్తం. ముందే రమ్మని నాకు కబురు పంపింది. తీరా చూస్తే ద్వారబంధానికి కర్ర ఇంకా కోయనే లేదు. కిందటేడు గాలివానకి వాళ్ళ మామిడితోటలో పాత వేపచెట్టు వేళ్ళతో సహా ఒరిగింది. ఆ తోటకి అమ్మవారిగా పసుపు కుంకుమలు అందుకున్న చెట్టు. తనంతట తాను పడ్డ వేప పొయ్యిలోకి పోకూడదని, గుమ్మంలో నిలబడాలని శేషు పట్టు. ఆమె భర్త, మా మరిది కోటేశ్వరరావు, మామిడికాయల వ్యాపారి. అతను మాత్రం మొదటినుంచీ డిపోలో టేకు కొందామనే అంటూ వచ్చాడు. చివరికి శేషు మాటే నెగ్గింది. తమ చెట్టుని ఇలా కోయించుకోవాలనుకునేవారు ఇంకా ఉంటారు కదా అని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

మంగళవారం తెల్లవారుతుండగా దీపం పెట్టుకుని బెజవాడలో మొదటి బస్సు ఎక్కాను. నూజివీడుకి గంటన్నర పైనే పట్టింది. టిక్కెట్టు ఐదు రూపాయల లోపే. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. శేషు ఇంట్లో పెసరట్టు తిని, ముగ్గురం రెడ్డిగూడెం వైపు వెళ్ళే బస్సు అందుకున్నాం. కాయ దిగిపోయిన తోటలు రోడ్డుకి రెండువైపులా నీడ పరుచుకుని తీరిగ్గా ఉన్నాయి. పండ్ల రోజుల్లో అయితే ఇదే బస్సులో బుట్టల మధ్య కాలు పెట్టే చోటుండదు. ఈ మధ్యే మండలమైన రెడ్డిగూడెం ఊరి చివర, తాటాకు పాక కింద ఉంది మిల్లు. మా దుంగ ముందురోజే ట్రాక్టరు మీద చేరింది. కోత కూలి కన్నా ఆ బాడుగే ఎక్కువైంది.

మిల్లంటే పెద్దదేమీ కాదు. ఒక ఆయిల్ ఇంజను, అది తిప్పే గుండ్రటి రంపం, పట్టాల మీద దుంగని రంపంలోకి తోసే ట్రాలీ. యజమాని బ్రహ్మయ్యకి మోచేతుల దాకా రంపపు పొట్టు. దుంగని ట్రాలీ ఎక్కించాడు గానీ ఇంజను వేయలేదు.

“షావుకారుగారూ, కర్ర మీద చెయ్యేసి చెప్పండి, లోపల ఇనుము లేదని.”

“ఇదేంటయ్యా?” అన్నాడు మా మరిది.

“మా మిల్లు ఆచారం అండీ. ఎవరి దుంగకి వాళ్ళే చెప్పాలి. ఒక్క మేకు తగిలిందా, పళ్ళు ఎగిరి మా వాళ్ళ మొహాన పడతాయి. నాకున్నది ఈ ఒక్క రంపమే. ఇది పోతే కొత్తది వచ్చేదాకా కోత లేదు, మీకు గడపా లేదు.”

కోటేశ్వరరావు చెయ్యి ఎత్తాడు. దుంగకి జానెడు దూరంలో ఆపాడు. దించేసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“రేపు కోయిద్దాంలే.”

“రేపు కోస్తే వడ్రంగి ఎప్పుడు బిగిస్తాడండీ?” అంది శేషు.

“అందుకే టేకు...”

“మళ్ళీ టేకా! టేకుతో మీకేమన్నా చుట్టరికమా?”

“బజార్లో పొద్దస్తమానం ఒట్లేసే షావుకారుకి ఇక్కడ చెయ్యి రావట్లేదేంటండీ?” అన్నాడు బ్రహ్మయ్య. ట్రాలీ దగ్గరున్నవాళ్ళు నవ్వారు. మా మరిది నవ్వలేదు. అతని చూపు బెరడు సందుల్లో ఎండిన పసుపు మీద ఉంది.

పక్కకి పిలిచి అడిగాను, “మేకులున్నాయా?”

“అడక్కండి వదినగారూ. చెబితే పోతుంది.”

నాకు అర్థమైంది. ఆ తోటల వ్యాపారుల్లో ఒక మొక్కు ఉందని విన్నాను. మామిడికాయ కోత మొదలుపెట్టే రోజు, కూలీలు రాకముందే, అమ్మవారి చెట్టుకి మేకు కొట్టి మొదటి కాయల గుత్తి కడతారు. ఆ మేకు పీకకూడదు, దాని సంగతి నోటితో అనకూడదు. అంటే మరుసటేడు పూత నిలవదని నమ్మకం. ఏటికో మేకు చొప్పున కొట్టుకుంటూ వచ్చాడన్నమాట. వాటిని బెరడు కప్పేసింది.

ఒక్క క్షణం కళ్ళు మూసుకుని అమ్మవారిని తలుచుకున్నాను.

“కోటేశ్వరరావూ, నోటితో చెప్పకూడదు, సరే. చూపించకూడదని ఎవరన్నా అన్నారా?”

ఆలోచించాడు. “అనలేదండీ. కానీ అమ్మవారు ఏమనుకుంటుందో.”

“రంపం పళ్ళు ఎగిరి ఆ ట్రాలీ తోసేవాళ్ళకి తగిలితే ఏమనుకుంటుంది?”

నా సంచిలోని పసుపు పొట్లం అతని చేతిలో పెట్టాను. దుంగ చుట్టూ తిరిగాడు, తడిమాడు, తల గోక్కున్నాడు. నిలబడ్డ చెట్టయితే చెయ్యి దానంతటదే వెళ్ళేది. పడుకున్న చెట్టుకి ఏది ఎక్కడో తెలియడం లేదు. చివరికి దుంగని నేల మీదకి దింపించాడు. గంజి పెట్టిన తెల్లపంచెతో, మొదలు వైపు కాళ్ళు పెట్టి, రంపపు పొట్టులో దుంగ పక్కన వెల్లకిలా పడుకున్నాడు.

“ఏవండీ, ఒంట్లో బానే ఉందా?” శేషు పరిగెత్తింది.

“షావుకారుగారూ, ద్వారబంధం మీ కొలతకే కోయాలా అండీ?” అన్నాడు బ్రహ్మయ్య.

కోటేశ్వరరావు, చెట్టు ముందు నిలబడి గుత్తి కట్టేవాడిలా చెయ్యి చాచాడు. వేళ్ళు బెరడు మీద కదిలి ఒకచోట ఆగాయి. పసుపు బొట్టు పెట్టాడు. పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. అన్నీ ఒకేవైపు, ఒకే ఎత్తులో.

బ్రహ్మయ్య మొదటి బొట్టు దగ్గర ఉలి వేశాడు. తుప్పు పట్టిన మేకు తల, చుట్టూ నల్లబారిన కర్ర. శేషు మేకుని చూసింది, మొగుణ్ణి చూసింది.

“ఏటా మొదటి గుత్తి కోతులెత్తుకుపోయాయనేవారు కదండీ!”

అతను తాటాకు కప్పు వైపు చూస్తూ పొట్టు దులుపుకున్నాడు.

బ్రహ్మయ్య దుంగని మళ్ళీ ట్రాలీ ఎక్కించి, మేకులు రంపానికి తగలకుండా బొట్ల వైపుని బయటికి తిప్పి కట్టాడు. మేకుల కన్నా లోతుగా ఒకే కోతలో ఆ పక్కంతా ఊడి వచ్చేలా గీత గీశాడు. “ఇప్పుడు వెయ్యండి చెయ్యి.” మా మరిది మిగతా కర్ర మీద చెయ్యి వేసి, “ఇందులో ఇనుము లేదు” అని గట్టిగా అన్నాడు. ఇంజను లేచింది. రంపం ఒకే శ్రుతిలో చివరిదాకా సాగింది. ఎర్రటి కర్ర, చేదు వాసన. మధ్యాహ్నం భోజనాల వేళకి గడప, రెండు నిలువులు, పై అడ్డం తయారు. గురువారం ఉదయం ద్వారబంధం నిటారుగా నిలబడింది. మేకులున్న చెక్కని కోటేశ్వరరావు తోటకి తీసుకెళ్ళాడు. ఏం చేశాడో నేను అడగలేదు. ఇదంతా రాయొచ్చా అంటే మాత్రం, “రాసేది మీరు కదండీ, నేను కాదుగా” అన్నాడు.

నేను రోజూ గంటసేపు జపం చేసుకుంటాను. భక్తి అంటే కూర్చుని చేసేదే అనుకునేదాన్ని. పొట్టులో వెల్లకిలా పడుకుని, నలుగురూ నవ్వుతున్నా పట్టించుకోకుండా, మాట తప్పకుండా మనుషుల్ని కాపాడటం కూడా భక్తేనని ఆ రోజు చూశాను. అమ్మవారికి అదేం తక్కువగా తోచి ఉండదు.

వెళ్ళేవారికి ఒక్క మాట. పాత చెట్టుని మిల్లుకి పంపేటప్పుడు, దానితో ఎక్కువకాలం మెలిగిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. అడిగితే చెప్పకపోవచ్చు. అప్పుడు పక్కన పడుకోబెట్టండి.