విమానానికి తెరలు నేసిన ఏడాది

మొన్న పొద్దున పేపరు చదువుతున్నాను. నేను చదవడమంటే వేలు పెట్టుకొని ఒక్కొక్క మాటా పెదవులతో కూడబలుక్కోవడమే. అరవై దాటాక మనుమరాలి పలక తీసుకొని దిద్దుకున్న అక్షరాలు మరి. లోపలి పేజీలో ఒక పెద్ద విమానం బొమ్మ ఉంది. వందల మంది ఎక్కే విమానాన్ని ఎవరో కోటీశ్వరుడు కొనుక్కొని, కుర్చీలన్నీ పీకించి, అందులో పడకగదీ, భోజనాల బల్లా, స్నానాల గదీ అమర్చుకున్నాడనీ, ఎక్కడా దిగకుండా ఖండాలు దాటిపోవడానికి అదనంగా పెట్రోలు తొట్లు కూడా పెట్టించుకున్నాడనీ రాశారు. మనుమరాలు నా భుజం మీదుగా తొంగి చూసి ఇలాంటి వింత ఎప్పుడూ వినలేదంది. ఆ వింత మా ఇంటి గడపలోకి వచ్చి డెబ్బై ఏళ్ళు కావస్తోంది. నా ఈడువాళ్ళు, ఆ కరువు ఏళ్ళు గుర్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకు నేను చెప్పకుండానే సగం తెలుస్తుంది.

మాది ఎమ్మిగనూరులో సాలెల వీధి. నడిమింట్లో గుంటమగ్గం, దాని చుట్టూ మేము; నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను, నా తరువాత తమ్ముడు, అందరికంటే చిన్నది చెల్లెలు. వరుసగా వానలు లేవు. పెద్దకడుబూరు వైపు నుంచీ గోనెగండ్ల వైపు నుంచీ కూలి జనం మూటలు నెత్తిన పెట్టుకొని మా వీధి మీదుగానే ఎటో పోయేవారు. కట్టుకునేవాళ్ళు లేక చీరలు మడతల్లోనే ఉండిపోయాయి, మగ్గాలు ఆగిపోయాయి. చెల్లెలికి నాలుగేళ్ళు. కాళ్ళు పుల్లల్లా అయి, పొట్ట ముందుకు వచ్చి, గోడ పట్టుకొని నడిచేది. మళ్ళీ జొన్న పండేదాకా ఈ బిడ్డను నిలబెట్టుకోవాలన్నదొక్కటే అవ్వ మొక్కు. తన సంగటి ముద్దలో సగం తుంచి దాని నోట్లో పెట్టి, తాను తిన్నట్టు నీళ్ళు తాగి మూతి తుడుచుకునేది.

అలాంటి రోజుల్లో ఆదోని షావుకారు గుమాస్తా సైకిలు మీద వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఆయన తెచ్చిన కబురు వినడానికి వీధి వీధంతా గుమిగూడింది.

"ఇరవై మందికి పైన కూసోని పొయ్యే ఇమానమప్పా," అన్నాడు గుమాస్తా. "యాడిదో ఒక రాజు కొనుక్కున్యాడు. బెంగుళూరులో షెడ్డులో పెట్టి కుర్సీలన్నీ పీకేసినారు. ఇంగ అందులో ఆయప్ప ఒక్కడే. మంచం, సోఫాలు, అన్నం తినే బల్ల, నీళ్ళు పోసుకునే గది, అన్నీ పైనే. కిటికీలకు తెరలూ, సోఫాల మింద గుడ్డా మన షావుకారు ఇయ్యాల."

నాయన చాలా రోజుల తరువాత ఆ పూట నవ్వాడు. "ఆకాశంలో కిటికీకి తెర యాలన్నా? ఆడికొచ్చి తొంగి సూసేదెవురు?"

"నీలాంటోళ్ళు సూస్తారనే," అన్నాడు గుమాస్తా.

ఎదురింటి పెద్దనాయన అరుగు దిగకుండానే అందుకున్నాడు. "ఆ రాజు నీళ్ళు పోసుకునేది మన సేన్ల మింద పోతాపోతా పోసుకోమని సెప్పన్నా. వాన లేకపాయె, అదన్నా పడతాది."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. విమానాన్ని దగ్గరగా చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. ఎప్పుడైనా ఎత్తున గీత గీసినట్టు పోతే పిల్లలం చేతులూపేవాళ్ళం, అంతే.

రాజుగారికి ఆకాశం రంగు కావాలట. రంగు వేసిన నీలం నూలూ, గంజికి బియ్యమూ షావుకారే పంపించాడు. జొన్న గంజి పెడితే గుడ్డకు మరకా వాసనా వస్తాయనీ, బియ్యం గంజే పెట్టాలనీ కట్టడి. ఆ బియ్యం మూట విప్పినప్పుడు అవ్వ గుప్పెడు తీసుకొని వాసన చూసి మళ్ళీ మూటలోనే పోసింది. వాటితోపాటు గుమాస్తా ఒక చిన్న పొట్లం నాయన చేతిలో పెట్టాడు. అది మైలతుత్తం, నీలంగా మెరిసే విషపు రాయి. గుడ్డ షెడ్డులో నెలల తరబడి పడి ఉంటుందనీ, గంజికి బూజు పడితే సరుకు తిప్పి పంపుతారనీ, నూరి గంజిలో కలపమనీ, పిల్లలకు అందకుండా చూసుకోమనీ చెప్పి వెళ్ళాడు.

నేత తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పడుగు పోగులు మగ్గం మీద తెగకుండా ఉండాలంటే ముందుగా వీధి పొడవునా వాటిని చాచి, గంజి పట్టించి, ఎండలో ఆరేదాకా ఇద్దరిద్దరుగా కుంచెలతో దువ్వుతూ నడవాలి. మధ్యలో చేయి ఆపితే పోగులు ఒకదానికొకటి అతుక్కొని పడుగంతా పాడైపోతుంది. అందుకని ఒక ఇంటి పడుగుకు వీధిలోని వాళ్ళందరూ పిలవకుండానే వచ్చి చేయి వేసేవారు. ఇక ఆ గంజి మాకు అన్నంతో సమానం. దించగానే అవ్వ ఇంత తీసి మగ్గానికి చూపించి కళ్ళకద్దుకునేది. పడుగు తాగగా మిగిలింది పిల్లలకు, అందులోనూ అందరికంటే చిన్న బిడ్డకు ముందు. కుంచె ముంచినప్పుడల్లా పడుగు రంగు కుండలోకి దిగేది. ఎర్ర పడుగైతే ఎర్ర గంజి, పసుపు పడుగైతే పసుపు గంజి తాగి, నాలుకలు చాపుకొని ఒకరికొకరం చూపించుకొని నవ్వుకుంటూ పెరిగినవాళ్ళం మేము.

అన్నంలో విషం కలుపుతున్నానని కన్నతల్లితో చెప్పడానికి నాయనకు నోరు రాలేదు. చెబితే ఆమె ఆ కుండను పొయ్యి ఎక్కనివ్వదు. పని వెనక్కి పోతుంది. పని పోతే తిండి లేదు. అందుకని దొడ్లో కూర్చొని తానే నూరాడు. ఏమిటది నాయనా అని నేనడిగితే రంగు రాయి అన్నాడు. అమ్మకొక్కదానికే చెప్పి, మిగిలిన గంజి గుంట తీసి తానే పోస్తానన్నాడు. ఈ సంగతులన్నీ అమ్మ నాకు చాలా ఏళ్ళ తరువాత, మంచం పట్టాక చెప్పింది.

తెల్లవారకముందే పడుగు చాచారు. ఆ నీలం రంగు వీధి ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుంటే, కరువుకు మాడిన ఆ వీధిలో అంత అందమైనది మరొకటి లేదు. పొద్దు పైకి వచ్చింది. వేడి గాలి లేచి గంజి తొందరగా ఆరడం మొదలుపెట్టింది. నాయన ఆ కొసన, అమ్మ నడుమ తెగిన పోగులు ముడివేస్తూ, ఎవరికీ తల తిప్పే తీరిక లేదు. గంజి పట్టించడం అయిపోయిందని చూసి, అవ్వ ఎప్పటిలాగే కుండ లోపలికి తెచ్చింది. గంజి నీలంగా ఉంది. నీలం పడుగు కదా, నీలంగా కాక ఎలా ఉంటుంది? ఉప్పు వేసి, ఎప్పటిదో దాచిన బెల్లం ముక్క తెచ్చి చెల్లెలి గిన్నెలో కలిపింది. తమ్ముడూ నేనూ వెనక గిన్నెలు పట్టుకొని నిలబడ్డాము.

చెల్లెలు ఒక గుక్క తాగి, "ఒగరుగుండాదవ్వా," అంది.

"బియ్యం గంజే నా తల్లీ. దొరకనిది దొరికింది, తాగు," అని అవ్వ గిన్నె ఎత్తి పట్టింది.

అది తాగింది. ఆకలి కదా, మొత్తం తాగింది. ఇంకా మా వంతు రాలేదని తమ్ముడు కాళ్ళు నేలకేసి కొట్టి ఏడుస్తుండగానే దానికి వాంతి పట్టుకుంది. మట్టినేల మీద పడినది కూడా నీలమే.

అవ్వ కేకకు నాయన కుంచె వదిలి పరుగెత్తుకొచ్చాడు. గడపలోనే ఆ నీలాన్ని చూశాడు. ముందు కుండను కాలితో తన్ని బోర్లించాడు. ఊళ్ళో వైద్యుడు పాలు గానీ మజ్జిగ గానీ కడుపు నిండా తాగించమన్నాడు. ఆ ఏడాది మా వీధిలో పాడి ఏ ఇంట్లో ఉంది? అమ్మ ఇల్లిల్లూ తిరిగి చివరికి ఒక లోటా మజ్జిగ సంపాదించింది. అది నిలవలేదు. ఆదోని ఆసుపత్రికి తీసుకుపోదామని బిడ్డను భుజాన వేసుకొని నాయన బస్సు దోవకు పోయాడు. బస్సు రాకముందే, ఎండలో నిలబడి ఉండగానే, అది మెడ వాల్చేసింది. వాళ్ళు తిరిగి వస్తున్నప్పుడు నేను వాకిట్లో ఉన్నాను. నాయన పరుగెత్తడం లేదు. అంతే, నాకు తెలిసిపోయింది.

వీధిలో కుంచెలు మాత్రం ఆగలేదు. నాయన వదిలేసిన కుంచెను ఎదురింటి పెద్దనాయన అందుకున్నాడు. ఆయన పెళ్ళాం ఏడుస్తూనే అమ్మ చోటున నిలబడి పోగులు ముడివేసింది. ఆరిన పడుగును వాళ్ళే చుట్టి, ఇంట్లోకి తేకుండా అరుగు మీద పెట్టి, ఆ చేతులతోనే చెల్లెలికి గుంట తవ్వడానికి పోయారు.

ఆ సాయంత్రం అవ్వ గోడకు ఆనుకొని అడిగింది. "బల్లి పడిందేమోరా గంజిలో. మూత పెట్టకపోతిని."

"బల్లీ లేదు ఏమీ లేదమ్మా," అన్నాడు నాయన. "వాంతిబేది. పైవీధిలో కూడా వచ్చిందంట."

ఆ మాట అవ్వ నమ్మలేదు. ఆ నాటి నుంచి ఆమె మూత లేని గిన్నె కనబడితే ఉలిక్కిపడేది. ఉత్త నీళ్ళ చెంబు మీద కూడా పళ్ళెం బోర్లించేది. అన్నం ముందు కూర్చుంటే పైకప్పు దూలాల వంకే చూస్తూ ఉండేది. బ్రతికినన్నాళ్ళూ పిల్లలెవరికీ చేత్తో ముద్ద పెట్టలేదు. మూత పెట్టని తన చేతులే బిడ్డను మింగాయని తాను అనుకుంటూ పోయింది. నాయన ఎన్నిసార్లు ఆమె మంచం దగ్గర కూర్చున్నాడో, ఎన్నిసార్లు నోరు తెరవబోయి గొంతు సవరించుకొని లేచిపోయాడో అమ్మకు తెలుసు. "ఒక్క మాట సెప్పింటే ముసిలామె నెమ్మదిగా పోయేది," అనేది అమ్మ. "సెప్తే ఈయన బతికేటోడు కాదేమో. ఎవుర్ని ఏమనేది?"

మైల తీరాక ఆ పడుగు మగ్గమెక్కింది. బియ్యమూ నూలూ వాళ్ళవి, నేయక తప్పదు. పోగు తెగితే నేతగాడికి చేయి ఆపి, ముడివేసుకొని, ఊపిరి తీసుకునే వీలుంటుంది. అంత చక్కగా గంజి పట్టిన పడుగు కావడం వల్ల దానిలో పోగే తెగలేదు. నాయన తల ఎత్తకుండా నేస్తూనే ఉండేవాడు. గుమాస్తా వచ్చి గుడ్డను ఎండకు పట్టి చూసి, మెచ్చుకొని పట్టుకుపోయాడు. అది విమానం ఎక్కిందో లేదో, ఏ రాజు దాని చాటున నిద్రపోయాడో మాకు తెలియదు. కొన్ని నెలలకు ఇంకో విమానం ఉందంటూ మళ్ళీ వచ్చాడు.

"ఇంకెవుర్నన్నా సూసుకోన్నా," అన్నాడు నాయన.

తరువాత ఆయన మగ్గం గుంట పూడ్చేసి, మమ్మల్ని ఆదోనికి తీసుకుపోయి, పత్తి మిల్లులో బేళ్ళు మోసే కూలికి కుదిరాడు. దూది పీల్చి పీల్చి దగ్గుతోనే పోయాడు. తమ్ముడు నేత నేర్చుకోలేదు.

ఈ మధ్య ఒకసారి ఎమ్మిగనూరు పోయి ఆ వీధిలో నిలబడ్డాను. సిమెంటు రోడ్డు వేశారు, రెండు వైపులా మోటారు సైకిళ్ళు నిలబెట్టుకున్నారు. పడుగు చాచడానికి చోటూ లేదు, చాచే పడుగూ లేదు. ఉన్న ఒకటి రెండు మగ్గాలకు గంజి పట్టిన నూలు ఎక్కడి నుంచో తయారై వస్తుందట. అరుగు మీద ఆడుకుంటున్న పిల్లలు బొద్దుగా, నున్నగా ఉన్నారు. గంజి అంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. తెలియకపోవడమే మేలు. ఎదురింట్లో కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరు కావాలని అడిగారు. పక్కింటి వాళ్ళ పేరు అడిగితే తెలియదన్నారు. బిడ్డ పోతున్న ఇంటి ముందు పడుగు దువ్వుతూ నిలబడిన ఆ జనానిది రాతి గుండె అని ఒకప్పుడు వాళ్ళ మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు ఆ నున్నటి రోడ్డు మీద నిలబడి చూస్తే, మా నాయన చేతిలోని పని వదిలేసి బిడ్డ కోసం పరుగెత్తగలిగింది వెనక వాళ్ళున్నారనే కదా అనిపించింది.