రెండైతే చేరినట్టు

మా మేనత్త పోయింది. పుంగనూరులో ఆమె పక్కింటి బీబీ మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పింది. మదనపల్లెలో నేను పనిచేసే బడిలో పరీక్ష పేపర్లు కట్టలు కడుతూ ఎత్తాను. "యాడుండావమ్మా? మీ అత్త లేదమ్మా, పోయింది" అని ఏడ్చింది. ఫోన్ దించి చూస్తే పొద్దున పదకొండు గంటల మిస్డ్ కాల్ ఒకటి ఉంది. అత్తదే. దాన్ని నేను వచ్చినప్పుడే చూశాను. చూసి, బ్యాగులో పడేశాను. ఎందుకు పడేశానో చెప్పాలంటే మీకు ముందు మా రింగుల లెక్క చెప్పాలి.

అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే. అప్పడాలు చేసి అమ్మేది, ఆర్డర్ల కోసం ఇంట్లో ఫోన్ పెట్టించుకుంది. నాకు కుప్పం వైపు బడిలో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు బస్టాండు దాకా వచ్చి, చేతిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టింది. "సేరినాక అంగడికాడ డబ్బా ఫోన్‌లో ఇది ఏసి కొట్టు పాపా. రెండు మోగినాక పెట్టెయ్. నేను ఎత్తను. ఎత్తితే రూపాయి పాయె. ఎత్తకుంటే సంగతీ తెలిసె, రూపాయీ ఎనక్కి వచ్చె." రెండైతే చేరినట్టు. నాలుగైతే కష్టం వచ్చినట్టు, బయలుదేరి రావాలి. ఆ ఒక్క బిళ్ళతోనే ఆ ఏడాదంతా నెట్టుకొచ్చానంటే నవ్వుతారేమో, నిజం.

ఫోన్ మోగితే ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పిండి చేతుల్తోనే వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేది. అప్పడాలు ఒత్తడానికి వచ్చే బీబీ ఏదైనా అనబోతే, "నోరు ముయ్ బీబీ, లెక్క తప్పుతాది!" అని కసిరేది. రెండింటికి ఆగితే "సేరింది నా తల్లి" అని మళ్ళీ కర్ర అందుకునేది. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. పోనుపోను బీబీ కూడా తన వంటింట్లో నుంచే లెక్కపెట్టడం నేర్చుకుంది.

నేను ఒకే ఒక్కసారి నాలుగు కొట్టాను. కుప్పం గదిలో జ్వరంతో మూడు రోజులు పడి ఉండి, పొద్దున ఎలాగో అంగడి దాకా నడిచి కొట్టి వచ్చాను. పొద్దు గూట్లో పడకముందే అత్త వాకిట్లో ఉంది. తడిపిన పిండి తడిపినట్టే వదిలేసి వచ్చిందట. "నాలుగంటే నాలుగే, దానికి మళ్ళీ అడిగేదేముండాది" అంది.

పెళ్ళయి మదనపల్లె వచ్చాక కొట్టడం ఆమె వంతు అయింది. రోజూ దీపాలు పెట్టే వేళకు మా ఇంటి ఫోన్ రెండుసార్లు మోగి ఆగేది. ముందు గదిలో మిషన్ కుట్టే మా ఆయన కాలు ఆపి, "మీ అత్త, రెండు" అని కేకేసేవాడు. సరే, ఆమె బాగుంది అనుకుని నా పని నేను చూసుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆ ఫోన్ తీసేయించాను. చేతుల్లో సెల్లులు పెట్టుకుని, ఎవరూ ఎత్తని ఫోన్‌కు నెలనెలా బాడుగ కట్టడం దండగ అనిపించింది. పొదుపు చేశానని గొప్పగా ఉండింది కూడా. అత్తకు నా సెల్ నెంబరు నేర్పి, నీదీ తీసేయించు అన్నాను. "నీది నీ ఇష్టం పాపా. నాది ఉండనీ. సెల్లు నీ ఎంబడి తిరుగుతాది, ఇంట్లో ఫోను ఇంట్లోనే ఉంటాది" అంది. చాదస్తం అనుకున్నాను. మిగిలిన ఆ డబ్బుతో ఏం కొన్నానో, తిన్నానో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు.

బడిలో సెల్ నోరు మూసే ఉంటుంది, ఇంటికొచ్చాక కూడా అంతే. ఎన్నిసార్లు మోగిందో అది చెప్పదు, మిస్డ్ కాల్ అని మాత్రం చూపిస్తుంది. అత్త పేరు కనిపిస్తే చాలు, రెండే అనుకోవడం అలవాటైపోయింది. ఎప్పుడూ సాయంత్రం కొట్టే మనిషి పదకొండు గంటలకు ఎందుకు కొట్టిందని అడిగే బుద్ధి నాకు లేకపోయింది.

పుంగనూరు పోయాక బీబీ చెప్పింది. "ఎదలో పట్టేసినట్టు ఉండాది అనె. ఆటో పిలుస్తానంటి. 'వద్దు, నాలుగు కొట్టినా, పాప వస్తా ఉంటాది, మదనపల్లె ఎంత దూరం' అనె. నేను నీకు చేస్తానంటే చెయ్యనీలేదమ్మా. 'నాలుగంటే దానికి తెలుసు, బళ్ళో ఊరికే సతాయించొద్దు' అనె. తలుపు బార్లా తెరిపించి, ఈదికల్లా సూస్తా పండుకునె." బీబీ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పిలిచింది, నేను పోలేదు. దీన్ని ఎలా మార్చి చెప్పుకున్నా ఇంతే.

దినాలయ్యాక ఇంటికి తాళం వేసి, తాళంచెవి బీబీకి ఇచ్చాను. ఖాళీ ఇంట్లో ఫోన్ దండగ, తీసేయించమని బంధువులు కాగితం రాసి నా చేతిలో పెట్టారు. సంతకం చేయలేదు, బ్యాగులో పెట్టుకున్నాను. మదనపల్లె బస్టాండులో దిగి, చేరానని చెప్పడానికి, అలవాటు చొప్పున అత్త నెంబరు నొక్కాను. రెండు మోగింది. పెట్టేయడానికి వేలు రాలేదు. మూడు. నాలుగు. అప్పుడు పెట్టేశాను.

నిమిషం కాలేదు, సెల్ మోగింది. బీబీ. రొప్పుతూ ఉంది.

"గోడ అవతల నాలుగు మోగెనే! ఏమైందమ్మా నీకు? చెప్పులేసుకుంటాండా, యాడికి రావాల?"