టికెట్టు పెట్టిన వంటిల్లు

కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో ఫిడేలు వాయించడం రానివాడికి కూడా, వాయించేవాడి మీద ఒక అభిప్రాయం మాత్రం గట్టిగా ఉంటుంది. అలాంటి చోట లాకీ గిల్లిస్ జుట్టు నెరిసేదాకా ఫిడేలు వాయించి నెగ్గుకొచ్చాడంటే మాటలు కాదు. పెళ్ళికి లాకీ, శవజాగారానికి లాకీ, చర్చి కప్పు కారితే చందాలకు లాకీ. ప్రతిఫలం ఒక గిన్నెడు చేపల సూపు, దాంతోపాటు "మీ నాన్న ఇంకా బాగా వాయించేవాడు" అన్న మెచ్చుకోలు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా.

బొగ్గుగని మూతపడ్డాక అందరిలాగే ఆల్బర్టా చమురు బావులకు పోయాడు. అందరిలాగే ఊరి మీద బెంగతో తిరిగొచ్చాడు. వచ్చాక చేసిన ఒకే ఒక్క తెలివైన పని ఎఫీని పెళ్ళాడడం. ఎఫీ పియానో వాయిస్తుంది. ఇక్కడి ఫిడేలువాళ్ళకొక పొగరుంది. ఒక బాణీలోంచి ఇంకో బాణీలోకి దూకేటప్పుడు పక్కన పియానో వాయించే మనిషికి ముక్క చెప్పరు. భుజం కదలికను బట్టి కనిపెట్టుకోవాల్సిందే. లాకీ ఏ బాణీలోకి దూకబోతున్నాడో లాకీ కన్నా ముందు ఎఫీకి తెలిసేది.

ప్రతి గురువారం సాయంత్రం వాళ్ళ వంటింట్లో పాట ఉండేది. ఎవరినీ పిలిచేది లేదు, ఎవరూ తలుపు తట్టేది లేదు. బూట్లు విప్పి, పొయ్యి పక్కన చోటు చూసుకుని కూర్చోవడమే. కాళ్ళు ఊరుకోనివాళ్ళు లేచి చిందులేసేవారు.

ఇంతలో కొండ మీద కొత్త హోటలు వెలిసింది. దాంతోపాటు టొరంటో నుంచి డెస్మండ్ అనే నాటకాల దర్శకుడు దిగాడు. ఒక గురువారం లాకీ వంటింట్లో కూర్చుని, టీ తాగి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "ఇంత నిజమైనది నేనెక్కడా చూడలేదు" అన్నాడు. అని ఊరుకోకుండా హోటల్లో దానికి నకలు కట్టించాడు. పొయ్యిలో నిప్పుకు బదులు ఎర్ర బల్బు. కిటికీ అవతల గుడ్డ మీద గీసిన సముద్రం. అసలు సముద్రం ఆ గోడ వెనకాలే ఉంది గానీ, మంచు పట్టిన రోజున కనిపించకుండా మొరాయిస్తుందట. ప్రతి గురువారం 'అసలైన వంటింటి సాయంత్రం', టికెట్టుతోపాటు ఒక ఓట్ బిస్కెట్టు. వాయించడానికి లాకీని, ఎఫీని కుదుర్చుకున్నాడు.

రోడ్డు పక్కన లాకీ మొహంతో నిలువెత్తు బొమ్మ పెట్టారు. ఆ మలుపు దగ్గర లాకీ బండి ఎందుకో నెమ్మదించేది.

పియానో ముందు ఎఫీ వాలకం మొదటి రిహార్సల్‌లోనే డెస్మండ్‌కు నచ్చలేదు.

"ఎఫీ గారూ, వాయించేటప్పుడు మొహం అలా పెట్టకండి. కాస్త నవ్వుతూ ఉండండి."

"నువ్వు కారు నడుపుతూ నవ్వుతావా నాయనా?"

మర్నాటికల్లా మాంట్రియల్‌లో చదువుకున్న ఒక అమ్మాయి పియానో ముందుకొచ్చింది. ఎఫీకి టీ పోసే భార్య వేషం ఇచ్చారు. కొన్నాళ్ళకు అదీ ఊడింది.

"ఏమనుకోకండి లాకీ గారూ," అన్నాడు డెస్మండ్, "మీ ఆవిడ భార్యలా కనిపించడం లేదు. జనానికి నమ్మకం కుదరడం లేదు."

"నిజంగానే నా భార్యండీ."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. టికెట్టు కొన్నవాళ్ళకెలా తెలుస్తుంది?"

హాలిఫాక్స్ నుంచి ఒక నటిని తెప్పించారు. ఆమె అచ్చం భార్యలా ఉంది. లాకీ అప్పుడే ఫిడేలు పెట్టెలో సర్దుకుని ఇంటికి పోయి ఉండొచ్చు. పోలేదు.

"నువ్వేమన్నావ్?" అని ఇంటి దగ్గర ఎఫీ అడిగింది.

"ఏమంటాను? వాళ్ళ హోటలు, వాళ్ళ ఇష్టం."

"పెళ్ళాం కూడా వాళ్ళిష్టమేనా?"

"అబ్బ, ఇదిగో, మనిద్దరం మంగళవారం వాయించుకుందాంలే."

"మంగళవారం చెత్తబండి వస్తుంది. దానికే లేచి వెళ్ళాలి నేను," అని ఎఫీ పడుకుంది.

ఆ మంగళవారం రాలేదు. రిహార్సళ్ళు వచ్చాయి. మాంట్రియల్ అమ్మాయి మంచిదే, వాయించబోయే బాణీలన్నీ వరసగా ముందే రాసిమ్మనేది. ఒకసారి అలవాటు కొద్దీ లాకీ చెప్పకుండా దూకాడు. ఆ పిల్ల బిక్కమొహం వేసి చేతులు ఆపేసింది. పాట అయిపోయిందనుకుని హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. లాకీ వంగి దండం పెట్టాడు. ఆ రోజు అతనికి సిగ్గేసింది. అయినా మళ్ళీ గురువారం వెళ్ళాడు.

అక్టోబరులో ఒక గురువారం ఇళ్ళ కప్పులు లేపే ఆగ్నేయపు గాలి లేచింది. ఆట మొదలుకాక ముందే కరెంటు పోయింది. పొయ్యి ఆరిపోయింది, సముద్రం కనిపించడం మానేసింది. డెస్మండ్ క్షమాపణలు చెప్పి, మనిషికి ఇంకో బిస్కెట్టు చేతిలో పెట్టి అందరినీ పంపేశాడు.

లాకీ ఇంటికొచ్చేసరికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. వాకిట్లో చోటు లేకుండా బళ్ళు. "నన్ను మర్చిపోలేదు వెధవలు!" అని ఉబ్బిపోయి వంటింటి తలుపు తీశాడు. లోపల లాంతర్లు, నిజమైన నిప్పు, గోడవారన జనం. మధ్యలో హెక్టర్ మెక్‌లెల్లన్ ఫిడేలు వాయిస్తున్నాడు. పిల్లి తోక తొక్కినట్టు వాయిస్తాడని లాకీ ఊరంతా చెప్పి నవ్వే హెక్టర్. పక్కన పియానో దగ్గర ఎఫీ.

పాట ఆగింది. ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఎఫీ లేచొచ్చింది.

"రా లాకీ, గాలిలో ఎందుకు నిలబడతావ్?"

కోటు తీసుకుని, వంటిల్లు దాటించి ముందు గదిలోకి తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళో ముందు గదిలో ఫాదరు కూర్చుంటాడు, శవం పడుకుంటుంది. ఇంకెవరికీ అక్కడ పనిలేదు. అతన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టి, పువ్వుల కప్పులో టీ తెచ్చిచ్చింది.

"ఇక్కడెందుకే ఎఫీ? ఫిడేలు తెచ్చానుగా, నేనూ వాయిస్తాను."

"వంటిల్లు నిండిపోయింది. వచ్చే గురువారం కాస్త ముందే వచ్చి చోటు చూసుకో."

ఆమె కోపంగా అనలేదు. అందుకే లాకీకి గుండె కోసినట్టయింది. వచ్చే గురువారం హోటల్లో ఆట ఉందని ఇద్దరికీ తెలుసు. ఆమె గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది. లాకీ టీ ఊదుకుంటున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

గోడ అవతల మళ్ళీ పాట అందుకున్నారు. హెక్టర్ ఒక బాణీలోంచి ఇంకో బాణీలోకి దూకాడు, పియానో ఒక్క క్షణం కూడా వెనకపడలేదు. ఎవరో కేక వేసి చిందు మొదలుపెట్టారు. ఫిడేలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, టీ చల్లారేదాకా లాకీ వింటూనే ఉన్నాడు. హెక్టర్ ఇంత బాగా వాయిస్తాడని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.